గ్రౌండ్ మీద బ్యాండుతోని కథ చెప్పుడు ఎట్ల: మాట, వేషం, మ్యూజిక్ మూడు కలిపే పద్ధతి

జనవరి నెల వచ్చిందంటే మా నల్గొండ దిక్కు ఏ స్కూల్ గ్రౌండ్ పక్క నుంచి పోయినా పొద్దున ఆరున్నరకే సైడ్ డ్రమ్ముల సప్పుడు ఇనిపిస్తది. పీఈటీ సారు విజిల్ ఊదుతుంటడు, పిల్లలు సలికి చేతులు రుద్దుకుంట లైన్ల నిలబడుతరు. ఎక్కువ స్కూళ్లల్ల బ్యాండ్ అంటే జెండా కాడికి మార్చ్ చేసుకుంట పోయి సెల్యూట్ కొట్టి మళ్ల వచ్చుడే. దాంట్ల తప్పేం లేదు, కానీ అదే 40 మంది పిల్లలతోని, అవే డ్రమ్ములు అవే బ్యూగిళ్లతోని ఎనిమిది నిమిషాల కథ చెప్పొచ్చు, ఒకరు మైకుల మాట చెప్తుంటే, నలుగురు వేషం కట్టి ఆడుతుంటే, బ్యాండ్ చుట్టూ తిరుగుకుంట లైన్లు మార్చుకుంట వాయిస్తుంటే చూసేటోళ్లు సెల్ ఫోన్ జేబుల పెట్టి మరీ చూస్తరు. కొన్నేండ్ల సంది ఇక్కడి స్కూళ్లల్ల పిల్లలతోని ఇదే చేపిస్తున్న, చేసి తెలుసుకున్నయి మీకు పనికొస్తయని రాస్తున్న.

ఈ పద్ధతి అమెరికాల బాగ పెరిగింది. అక్కడ హైస్కూల్ బ్యాండ్లు, డ్రమ్ కోర్ అనే యూత్ బ్యాండ్లు వాళ్ల ఫుట్‌బాల్ గ్రౌండ్ మీద, అంటే 100 గజాల పొడుగు 53 గజాల పైచిలుకు వెడల్పు ఉన్న జాగల, ఒక థీమ్ పట్టుకొని ఆడుతరు, దాన్ని ఫీల్డ్ షో అంటరు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1972 నుంచి పెద్ద పోటీలు పెడుతున్నది, చానా ఏండ్లు వాళ్ల పోటీలల్ల మైకు పెట్టనియ్యలే, 2004ల మైకు ఒప్పుకున్నరు, 2009ల కీబోర్డు అసోంటి ఎలక్ట్రానిక్ వాయిద్యాలు గూడ ఒప్పుకున్నరు. మైకు వచ్చినంక మాట చెప్పుడు ఎక్కువైంది. దాని మీద అక్కడోళ్లే రెండు తీర్లు మాట్లాడుతరు, కొందరికి మస్తు ఇష్టం, కొందరేమో మాట వల్ల మ్యూజిక్ చెడిపోతున్నదంటరు. నా లెక్కల ఆ రెండో మాటల నిజం ఉన్నది, ఎందుకంటే చానా షోలల్ల బ్యాండ్ ఫుల్లుగ వాయిస్తుంటే దాని మీదికెల్లి మాట చెప్తరు, అప్పుడు మాటా అర్థం కాదు మ్యూజిక్కూ అర్థం కాదు.

మన ఒగ్గు కథల అట్ల ఉండదు. ఎప్పుడన్న దగ్గర కూసోని చూడండి. కథ చెప్పేటాయన చెప్తున్నంతసేపు డోలు సన్నగ నడుస్తది లేకుంటే ఆగుతది, ఆయన వాక్యం ఆఖరు అక్షరాన్ని "బయలెల్లినాడో..." అని సాగదీస్తడు, ఆ సాగదీసుడే డోలోళ్లకు సైగ, ఠక్కున అందుకుంటరు. మాటకు జాగ ఇచ్చి కొట్టుడు అన్నట్టు. తెలుగు మాటలు ఎక్కువ అచ్చుతోనే ఆగుతయి కాబట్టి సాగదీయొచ్చు, ఇది మనకు భాషే ఇచ్చిన సౌలత్. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారు, 2022ల పద్మశ్రీ వచ్చిన 12 మెట్ల కిన్నెర కళాకారుడు, ఆయన పాట ఇన్నా గదే తెలుస్తది, మాట ఆగిన కాడ కిన్నెర పలుకుతది. నేను ఈ కింద చెప్పేదంతా ఈ ఒక్క పద్ధతి మీదనే నిలబడ్డది, మాట ముందు రాసుకోవాలె, బ్యాండును దాని చుట్టు పేర్చుకోవాలె.

మొదలు కథ పట్టుకోండి. మీ ఊరికి దగ్గరిది, ఒకటే జాగల జరిగింది, ఒక్క దినంల అయిపోయింది అయితే మంచిది. స్వాతంత్ర్య పోరాటం మొత్తం ఎనిమిది నిమిషాలల్ల చెప్పాలని చూస్తే పేర్ల లిస్టు చదివినట్టే ఉంటది. మేము పట్టుకున్నది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18, గాంధీ శిష్యుడు వినోబా భావే నడుసుకుంట నల్గొండ జిల్లాకు వచ్చిండు (ఇప్పుడు ఆ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాల ఉన్నది), భూమి లేని 40 దళిత కుటుంబాలు మాకు 80 ఎకరాలు కావాలె, 40 తరి (నీళ్లు పారేది) 40 ఖుష్కి (మెట్ట) అన్నరు, అక్కడ కూసున్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. అంతే కథ. చూడండి, దీంట్ల గ్రౌండ్ మీద చూపెట్టేటివి ఎన్ని ఉన్నయో: ఒకాయన నడుసుకుంట వచ్చుడు ఉన్నది, అది మార్చ్ బ్యాండుకు తయారుగ ఉన్న సీను, 40 కుటుంబాలు అంటే 40 మంది పిల్లలు, రెండు అంకెలు ఉన్నయి, ఒక మనిషి లేచి నిలబడుడు ఉన్నది. చుట్టూ సాయుధ పోరాటం నడుస్తున్న కాలం, ఊర్లల్ల భయం ఉన్నది, దాన్ని మాటలల్ల చెప్పకుంట ఒక్క బేస్ డ్రమ్ముతోని చెప్పొచ్చు. పాలమూరు దిక్కోళ్లయితే వలస పోయిన కుటుంబం కథ తీసుకోండి, బస్ స్టాండు, మూట, ముసలమ్మ ఒక్కతే ఇంటి కాడ ఉండిపోవుడు, దానికి డేట్లు గూడ అవసరం లేదు.

ఇగ స్క్రిప్టు. ఇక్కడ మన సార్లు ఎక్కువ మంది ఆగమైతరు, ఎందుకంటే పిల్లలకు వ్యాసం రాసిచ్చినట్టు రాసిస్తరు. లెక్క చెప్త, రాసుకోండి. క్విక్ మార్చ్ అంటే నిమిషానికి 120 అడుగులు, అంటే ఒక్క కౌంటు అర సెకను, ఎనిమిది కౌంట్లు నాలుగు సెకన్లు. గ్రౌండ్ మీద మైకుల మాట అర్థం కావాల్నంటే సెకనుకు నాలుగు అక్షరాల కంటె ఎక్కువ చెప్పొద్దు, ఇంట్ల మాట్లాడినంత జోరుగ చెప్తే మైక్ సెట్ హారన్లల్ల ముద్ద ముద్ద అయితది. అంటే ఎనిమిది కౌంట్లకు 16 అక్షరాలు, ఊపిరి గూడ అండ్లనే. "ఆచార్య వినోబా భావే గారు తమ పాదయాత్రలో భాగంగా పోచంపల్లి గ్రామానికి విచ్చేశారు" ఇది 32 అక్షరాలు, లెక్కపెట్టి చూడండి. "పోచంపల్లికి వినోబా వచ్చిండు", 11 అక్షరాలు, ఇంకా ఐదు అక్షరాల జాగ మిగులుతది, ఆ జాగల పిల్ల ఊపిరి తీసుకుంటది, డ్రమ్ములు రెడీ అయితయి. మొత్తం షోల మాట రెండు నిమిషాలకు మించొద్దని నా రూలు, ఎనిమిదిల రెండు. అంటే మొత్తం స్క్రిప్టు ఒక్క పేజీ. దాన్ని రాసినంక సగం కొట్టేయండి, పిల్లలు ఆడి చూపెట్టేదాన్ని నోటితోని చెప్పొద్దు. వినోబా కర్ర పట్టుకొని నడుసుకుంట వస్తుంటే "వినోబా కర్ర పట్టుకొని నడుస్తున్నడు" అని చెప్పుడెందుకు.

భాష మన భాషల రాయండి. వచ్చిండు, అడిగిన్రు, లేచిండు. పుస్తకం భాషల రాస్తే మాట పొడుగైతది, పిల్లల నోరు తిరగదు, చూసేటోళ్లకు గూడ న్యూస్ చదివినట్టే ఉంటది. ఇంకో చిన్న సంగతి, అంకెలు, పేర్లు, తేదీలు వాక్యం మధ్యల పెట్టకండి, ఆఖరుకు పెట్టండి, ఎందుకంటే ఆఖర్న ఉన్నదే సాగదీసి చెప్పొస్తది, అదే గుర్తుంటది.

మాకైన అనుభవం ఒకటి చెప్త. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నరేషన్ చెప్తున్నది, గొంతు గంట కొట్టినట్టు ఉంటది. రిహార్సల్ల "వంద ఎకరాలు" అనే కాడ సింబల్స్ (పెద్ద తాళాలు) కొట్టే పిలగాడు సంబురంగ ఠాన్ అని కొట్టేటోడు, మ్యూజిక్ ప్రకారం వానిది కరెక్టే, వానికి నేనే రాసిచ్చిన. మూడు దినాలు అట్లనే చేసినం. నాలుగో దినం వెనక చెట్టు కింద కూసున్న అటెండర్ని అడిగిన, అన్నా, ఎన్ని ఎకరాలు ఇచ్చిండు అని. ఆయన "ఏమో సారు, ఇచ్చిండన్నదైతే ఇనవడ్డది" అన్నడు. కథకు ప్రాణమే ఆ అంకె, అదే పోయింది. ఆ దినం మార్చినం. పిల్ల "లేచిండు" అన్నంక నాలుగు కౌంట్లు గ్రౌండ్ మొత్తం సప్పుడు బంద్, అడుగులు గూడ బంద్, ఎవ్వరూ కదలరు. అప్పుడు ఆమె మెల్లగ "వంద... ఎకరాలు" అంటది, ఆ "లు" ఇంకా సాగుతుండంగనే బేస్ డ్రమ్ ఒక్క దెబ్బ. ఒక్కటే. తర్వాత ఇంకో నాలుగు కౌంట్లు ఖాళీ. అటుపైన బ్యాండ్ మొత్తం. షో దినం ఆ ఖాళీ నాలుగు కౌంట్లల్ల గ్రౌండ్ అవతలి రోడ్డు మీద ఆటో పోయే సప్పుడు గూడ ఇనిపిచ్చింది, అంత నిశ్శబ్దం, నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

కాబట్టి మ్యూజిక్ రాసేటప్పుడు మాట వచ్చే ప్రతి కాడ మూడిట్ల ఒకటి ఎంచుకోండి. ముఖ్యమైన మాటకు మొత్తం బంద్. మామూలు వాక్యానికి కింద ఒకటే వాయిద్యం, బేస్ డ్రమ్ అయితే మేలు, ఎందుకంటే అది కింది సప్పుడు, మనిషి మాటల స, శ, చ, త అసోంటి అక్షరాలు స్పష్టంగ వినపడేది పై సప్పుడు కాబట్టి రెండూ కొట్లాడుకోవు. సైడ్ డ్రమ్ రోల్, సింబల్స్ ఈ రెండు మాత్రం మాట కింద అస్సలు పెట్టొద్దు, అవి సరిగ్గ ఆ అక్షరాలనే మింగుతయి. మూడోది ఒగ్గు పద్ధతి, వాక్యం ఒకటి, దరువు ఒకటి, వాక్యం ఒకటి, దరువు ఒకటి. మీ స్కూళ్ల దప్పు కొట్టే పిల్లలుంటే నలుగురిని పెట్టుకోండి, దరువుకు దాన్ని మించింది లేదు, కాకపోతే జనవరి పొద్దున మంచుకు తోలు మెత్తవడి సప్పుడు చచ్చిపోతది, షోకు ముందు మంట మీద కాపాలె, దానికి ఒక మనిషిని, జాగను ముందుగాలనే చూసుకోండి. సలికి ట్రంపెట్లు, బ్యూగిళ్లు గూడ శ్రుతి దిగుతయి, షోకు ముందు పది నిమిషాలు ఊదిపించి వేడి చేయాలె.

మాట చెప్పేటోళ్లు ఇద్దరుంటే మంచిదని నా అభిప్రాయం. బుర్రకథల వంతలు లేరా, కథకుడు ఒకటి చెప్తే వంత అడుగుతడు, "అప్పుడేమైంది?" అని. ఆ ఒక్క ప్రశ్నతోని ఇనేటోళ్లకు ఊపిరి దొరుకుతది, చెప్పే పిల్లకు గూడ దొరుకుతది. ఒకతి గొంతు సన్నది, ఇంకొకతి గొంతు లావుది ఉండాలె, దూరం నుంచి ఎవలు మాట్లాడుతున్నరో గొంతుతోనే తెలవాలె. పిల్లలను ఎంచుకునేటప్పుడు క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లనే తీసుకోవాల్నని లేదు, బతుకమ్మ కాడ పాట ఎత్తుకునే పిల్ల ఎవలో కనుక్కోండి, ఆమెకు వరుస ఆఖర్న ఆగి వేరేటోళ్లకు జాగ ఇచ్చుడు పుట్టుకతోనే వస్తది.

ఇప్పుడు వేషం సంగతి. స్టేజీ మీద మొఖంతోని ఆడుతం, గ్రౌండ్ మీద మొఖం కనవడదు. 50 మీటర్ల దూరంల కూసున్నోళ్లకు కన్ను, పెదవి ఏం తెలుస్తది, భుజాలు, చేతులు, నడుము వంగుడు, కూసునుడు లేచుడు, ఇవే తెలుస్తయి. అందుకే ఆడేటోళ్లు వేరే, మాట చెప్పేటోళ్లు వేరే పెట్టండి, ఆడే పిల్లలకు మైకు కట్టి మాట్లాడించే పని పెట్టుకోకండి, పరుగెత్తుకుంట మాట్లాడితే ఊపిరే ఇనిపిస్తది. తోలుబొమ్మలాటల గదే కదా, బొమ్మ ఆడుతది, మాట తెర వెనక నుంచి వస్తది, చూసేటోళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క కదలిక ఇయ్యండి, పెద్దది, మెల్లగ, ఎనిమిది కౌంట్లల్ల పూర్తయ్యేది. మా షోల 40 మంది కూసోని ఉంటరు, "ఎంత కావాలె?" అని వంత అడిగితే ఒక్కరొక్కరే వరుసగ రెండు చేతులు లేపుతరు, ఒక్కొక్క చెయ్యి ఒక ఎకరం, మొత్తం 80 చేతులు. చివరి చెయ్యి లేసినంక మాట వస్తది, "ఎనభై ఎకరాలు". ఇగ దానికి లెక్చర్ అవసరమే పడలే.

సామాన్లు తక్కువ పెట్టుకోండి. భూమికి మేము పొడుగు బట్ట వాడినం, ఎర్రమట్టి రంగుది, 20 మీటర్లు, ఆరుగురు పట్టుకొని ఉరుకుతే గ్రౌండ్ మీద చెలక పరుచుకున్నట్టే ఉండె. గాలికి లేస్తది కాబట్టి రెండు కొసలకు వెదురు కట్టెలు కుట్టినం, అది లేకుంటే బట్ట పోయి బ్యూగిల్ పిల్లల మొఖాల మీద పడ్తది. వేషాలు దూరం నుంచి ఒక్క రంగుతోని గుర్తు పట్టేటట్టు ఉండాలె, వినోబాకు తెల్ల బట్ట, ఊరోళ్లకు మట్టి రంగు, అంతే.

గ్రౌండుకు సున్నంతోని గీతలు కొట్టుకోండి. అమెరికా బ్యాండ్లు ఐదు గజాలకు ఎనిమిది అడుగులు వేస్తయి, అంటే అడుగుకు ఇరవై రెండున్నర అంగుళాలు, అది ఏడో తరగతి పిల్లలకు గూడ సరిపోతది, మన పరేడ్ల 30 అంగుళాల అడుగు చిన్న పిల్లలకు పెద్దదైతది, వాయించుకుంట వేయలేరు. ప్రతి ఐదు గజాలకు ఒక గీత గీసి, మాట వచ్చే జాగలకు ముగ్గుతోని చుక్క పెట్టండి, ఆ చుక్క మీద ఆగాలె అని పిల్లలకు చెప్తే సాలు.

మైకు దగ్గరికొద్దాం. ఊర్లల్ల మైక్ సెట్టోళ్లు అలవాటు కొద్దీ గ్రౌండ్ నాలుగు మూలల హారన్లు కడుతరు. వద్దని చెప్పండి, గట్టిగ చెప్పండి. సప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతది, 100 మీటర్ల అవతల ఉన్న హారన్ నుంచి మాట వచ్చేసరికి సెకన్ల మూడో వంతుకు దగ్గర పడ్తది, దగ్గర హారన్ నుంచి ఒకసారి, దూరం హారన్ నుంచి ఇంకోసారి, ప్రతి మాట రెండుసార్లు ఇనిపిస్తది. రెండు హారన్లు చాలు, రెండూ జనం ముందటి గీత కాడ, జనం దిక్కు తిప్పి. మాటకు పెద్ద బాక్సుల కంటె హారన్లే మేలు, బేస్ రాదు కానీ మాట సాఫ్‌గ వస్తది. మాట చెప్పే పిల్లలు హారన్ల వెనక పక్కకు నిలబడాలె, ముందట నిలబడితే మైకు కుయ్యిమని మొత్తుకుంటది. నోటికి నాలుగు వేళ్ల దూరం, కొంచెం పక్కకు, లేకుంటే ప, బ అన్నప్పుడల్లా గాలి కొడుతది. మైకు మీద స్పాంజి తొడుగు ఉండాలె. బ్యాటరీ సెల్లులతోని నడిచే కార్డ్‌లెస్ మైకు కంటె వైరు మైకునే నమ్ముత నేను.

ఇదే దూరం లెక్క బ్యాండుకు గూడ తిప్పలు పెడ్తది. 34 మీటర్లు వెనక ఉన్న డ్రమ్ములు హారన్ మాట విని కొడితే సెకన్ల పదో వంతు లేటుగ ఇంటరు, కొట్టిన సప్పుడు జనానికి చేరెటప్పటికి ఇంకో పదో వంతు. 120 స్పీడుల కౌంటే అర సెకను, అండ్ల రెండు పదో వంతులు పోతే సగం బ్యాండ్ ముందట, సగం బ్యాండ్ వెనక. అందుకే ఎవ్వరూ విని కొట్టొద్దు, చూసి కొట్టాలె. బ్యాండును కర్రతోని నడిపే డ్రమ్ మేజర్ ముందట గీత కాడ ఎత్తు పీట మీద నిలబడాలె, మాట చెప్పే పిల్ల ఆయన పక్కనే, ఆమె సాగదీసుడు అయిపోంగనే ఆయన కర్ర దించుతడు, ఆ కర్రను చూసి అందరు అందుకుంటరు. బేస్ డ్రమ్‌ను మాత్రం ముందటికే తెచ్చుకోండి, మాట పక్కన ఉండాల్సింది అది.

రిహార్సల్ వరుస తప్పొద్దు. మొదటి వారం మాట ఒక్కటే, గ్రౌండ్ మీద, మైకు లేకుంట. రెండో వారం మాటా, బేస్ డ్రమ్ము. తర్వాత నిలబడి మొత్తం బ్యాండ్. ఆ తర్వాతనే నడక. ఆడే పిల్లలు ఆఖరున వచ్చి కలుస్తరు, అప్పటికి వాళ్లు వేరేగ తయారై ఉండాలె. ఎండ ఎక్కక ముందే, పొద్దున ఎనిమిదిన్నరకల్లా వదిలిపెట్టండి, జూన్ 2 తెలంగాణ ఆవిర్భావ దినానికి చేసేటోళ్లయితే ఇంకా ముందే, మే నెల ఎండల సింబల్స్ పట్టుకున్న పిల్ల చేతులు కాలుతయి, నీళ్ల క్యాన్ గ్రౌండ్ మధ్యకే రావాలె. ప్రతి దినం ఒక కొత్త మనిషిని ఆఖరు వరుస జాగల కూసోబెట్టి, షో అయినంక ఏం ఇన్నరో చెప్పించుకోండి, పిల్లల తల్లిదండ్రులైతే వద్దు, వాళ్లకు కథ ముందే తెలిసి ఉంటది, కూరగాయలు తెచ్చే ఆయన, వాచ్‌మెన్, ఇట్లాంటోళ్లు.

ఇంకొకటి తయారుగ పెట్టుకోవాలె, మైకు లేని షో. ఒక ఏడు సరిగ్గ "లేచిండు" కాడికి వచ్చేసరికి కరెంటు పోయింది, జనరేటర్ తిప్పేటాయన దాని దగ్గర లేడు. ఆ పిల్ల నా దిక్కు చూసింది, నేను చెయ్యి లేపిన, ముందు వరుసల కూసున్న 24 మంది ఊరోళ్ల వేషం పిల్లలు ఒక్క గొంతుతోని "వంద... ఎకరాలు" అన్నరు, ఎందుకంటే మొదటి వారం మైకు లేకుంట నేర్చుకున్నప్పుడు అందరికీ నోటికి వచ్చింది. కాబట్టి ప్రతి ముఖ్యమైన వాక్యం 24 మందికి వచ్చి ఉండాలె, ఎవలు ముందుగాల అందుకుంటరో, ఎక్కడ ఊపిరి తీసుకుంటరో చెప్పి పెట్టండి, దానికి డ్రమ్ మేజర్ సైగ వేరే పెట్టుకోండి, రెండు చేతులు పైకి లేపుడు సాలు, షోకు ముందటి దినం ఒక్కసారి మైకు బంద్ చేసి మొత్తం ఆడిపిచ్చి చూడండి.